నీళ్లకు ఇవతలా? అవతలా?

స్పెయిన్ గోల్ఫ్ ఆటగాడు సెర్హియో గార్సియా 2017లో మాస్టర్స్ టోర్నమెంట్ చివరి రోజున అగస్టా నేషనల్ కోర్సులో పదిహేనో హోల్‌ను మూడు స్ట్రోకుల్లో ముగించాడు. దాని పార్, అంటే పట్టాల్సిన స్ట్రోకుల లెక్క, ఐదు. ఆ ఊపుతో ప్లేఆఫ్ దాకా వెళ్లి, జస్టిన్ రోజ్‌ను ఓడించి, విజేతకిచ్చే ఆకుపచ్చ కోటు తొడుక్కున్నాడు. మరుసటి ఏడాది మొదటి రోజున అదే హోల్ దగ్గర అదే గార్సియాకు పదమూడు స్ట్రోకులు పట్టాయి. ఐదు బంతులు నీళ్లపాలయ్యాయి.

ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మా ఫోర్‌బాల్‌లో ఉండే రిటైర్డ్ కల్నల్ గారిది ఒకటే మాట. "మగాడన్నవాడు గ్రీన్ కేసే కొట్టాలి మేడమ్, పదమూడొచ్చినా సరే." నేను మగాణ్ణి కాను కాబట్టి నాకా ఇబ్బంది లేదని చెప్పి, నా ఐదో నంబరు హైబ్రిడ్ బయటికి తీస్తాను. ఆయన దూరం కొట్టే త్రీవుడ్‌కు తొడుగు తీస్తారు. మా ఇద్దరి క్యాడీలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కల్నల్ గారు మరిచిపోయే విషయం ఒకటుంది. గార్సియా పోగొట్టుకున్న ఐదు బంతుల్లో సాహసం చేసి కొట్టింది మొదటిదొక్కటే. రెండు వందల గజాల పైచిలుకు నుంచి సిక్స్ ఐరన్‌తో కొట్టాడు. బంతి గ్రీన్ మీద పడి, వెనక్కి దొర్లి, చెరువులోకి జారింది. మిగతా నాలుగూ దగ్గర్నుంచి వెడ్జ్‌తో కొట్టినవి. మనమంతా "సేఫ్" అని పిలుచుకునే ఆ చిన్న షాటే ఆయన్ను ముంచింది.

గోల్ఫ్ ఆడనివాళ్లకు ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. పార్ ఫైవ్ అంటే కోర్సులో పొడవైన హోల్. పెద్ద పోటీల్లో మగవాళ్లకు సుమారు ఐదు వందల గజాలు, ఆపైన ఉంటుంది. మూడు దెబ్బల్లో గ్రీన్, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి, చేరి, రెండు పట్లలో బంతిని గుంటలో వేస్తే ఐదు. ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్. ఒకటి పెరిగితే బోగీ, రెండు పెరిగితే డబుల్ బోగీ. దూరం కొట్టగలవాడు రెండో దెబ్బకే గ్రీన్ చేరొచ్చు. కోర్సు గీసినవాడికి ఆ సంగతి తెలుసు కాబట్టే సరిగ్గా గ్రీన్ ముందు ఓ చెరువో వాగో పెడతాడు. ఇక ఆటగాడికి రెండే దారులు. నీళ్ల మీదుగా నేరుగా గ్రీన్‌కు కొట్టడం, లేదా నీళ్లకు ఇవతలే బంతిని ఆపుకుని మూడో దెబ్బకు దాటడం. ఈ రెండోదాన్ని లేఅప్ అంటారు.

అగస్టా కోర్సును గీసింది బాబీ జోన్స్, అలిస్టర్ మెకెంజీ. పదిహేనో హోల్ ఇప్పుడు 550 గజాలు. రెండో దెబ్బ పల్లానికి కొట్టాలి. గ్రీన్ ముందు చెరువు, ఆ చెరువు గట్టున గడ్డి నున్నగా కత్తిరించి ఉంటుంది కాబట్టి అక్కడ పడ్డ బంతి ఆగదు. గ్రీన్ దాటి ఎక్కువ పోతే వెనక పదహారో హోల్ చెరువు. పోనీ లేఅప్ కొడదామా అంటే, బంతి ఆగే చోటు కూడా చెరువు వైపు వాలుగానే ఉంటుంది. వాలు మీద నిలబడి వెడ్జ్‌తో బంతిని పైకి లేపి మెత్తగా దించడం ప్రొఫెషనల్స్‌కే చేతకాని రోజులున్నాయి. 2013లో టైగర్ వుడ్స్ ఇక్కడ లేఅప్ కొట్టి, మూడో దెబ్బ ఎంత సూటిగా కొట్టాడంటే బంతి వెళ్లి జెండా కర్రకు తగిలి, వెనక్కి ఎగిరి నీళ్లలో పడింది. ఆ తర్వాత బంతిని తప్పు చోట డ్రాప్ చేశాడని మరో రెండు స్ట్రోకుల పెనాల్టీ వేశారు. ఎంత జాగ్రత్తగా ఆడినా చివరికి స్కోరు ఎనిమిది.

ఈ హోల్‌కు పేరు తెచ్చింది మాత్రం 1935లో జీన్ సారజెన్. క్రెయిగ్ వుడ్ అప్పటికే ఆట ముగించి క్లబ్‌హౌస్‌లో కూర్చున్నాడు. అతనికన్నా సారజెన్ మూడు స్ట్రోకులు వెనక. మిగిలినవి నాలుగే హోల్స్. ఫెయిర్‌వే మీద 235 గజాల దూరం నుంచి ఫోర్‌వుడ్ తీసి కొట్టాడు. బంతి చెరువు దాటి, గ్రీన్ ఎక్కి, దొర్లుకుంటూ గుంటలో పడింది. ఐదుకు రెండు! ఆ ఒక్క దెబ్బతో లెక్క సరిసమానమైంది. మర్నాడు ముప్ఫై ఆరు హోల్స్ ప్లేఆఫ్‌లో ఐదు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. చెరువు మీది వంతెనకు ఇప్పటికీ ఆయన పేరే. టీవీలో మాస్టర్స్ చూసేవాళ్లకు ఆ కథ ఏటా వినిపిస్తూనే ఉంటుంది. దానివల్ల జరిగిన నష్టం ఏమిటంటే, పార్ ఫైవ్ దగ్గర లేఅప్ కొట్టేవాడు ఏదో తప్పు చేసినట్టు తల దించుకోవలసి వస్తోంది.

ఆ తలవంపు అందరికన్నా ఎక్కువ భరించింది చిప్ బెక్. 1993లో చివరి రోజు బెర్న్‌హార్డ్ లాంగర్‌కన్నా మూడు స్ట్రోకులు వెనకబడి ఇదే పదిహేనో హోల్‌కు వచ్చాడు. దూరం ఇంచుమించు సారజెన్‌దే. ఆలోచించి, లేఅప్ కొట్టాడు. చివరికి రెండో స్థానంలో నిలిచాడు. రెండో స్థానం తక్కువేమీ కాదు, అయినా ఆయన ఎన్ని పోటీలు గెలిచినా గోల్ఫ్ రాసేవాళ్లు ఆ లేఅప్‌నే గుర్తుపెట్టుకున్నారు.

మరి 2007లో జాక్ జాన్సన్ ఏం చేశాడు? ఆ ఏడు అగస్టాలో చలి, ఈదురుగాలి. జాన్సన్ దూరం కొట్టే మనిషి కాదు. నాలుగు రోజుల్లో పదహారు పార్ ఫైవ్‌లు వచ్చాయి. పదహారింటిలోనూ లేఅప్ కొట్టాడు, ఒక్కసారి కూడా రెండో దెబ్బకు గ్రీన్ జోలికి పోలేదు. ఆ పదహారు హోల్స్ కలిపి పార్‌కు పదకొండు తక్కువ ఆడాడు! మొత్తం స్కోరు 289, పార్‌కు ఒకటి ఎక్కువ. వెనక నిలిచిన ముగ్గురిలో టైగర్ వుడ్స్ ఒకడు. కోటు జాన్సన్‌కు దక్కింది కాబట్టి అతన్ని పిరికివాడని ఎవరూ అనలేదు.

ఇలా చూస్తే మనం తీర్పు చెబుతున్నది షాట్ ఎంపిక మీద కాదు, ఫలితం మీద. నేను చాలా ఏళ్లు బ్యాంకులో అప్పులు మంజూరు చేసే సీట్లో కూర్చున్నాను. అప్పు ఇవ్వడం ధైర్యమా పిరికితనమా అని మమ్మల్ని ఎవరూ అడగరు. వడ్డీ ఎంత వస్తుంది, మునిగితే ఎంత పోతుంది, మునిగే అవకాశం ఎంత, ఈ మూడే అడుగుతారు. పార్ ఫైవ్ రెండో దెబ్బకూ ఆ మూడు ప్రశ్నలే సరిపోతాయి. విచిత్రమేమిటంటే గోల్ఫ్‌లో వాటికి అంకెలతో జవాబులు దొరికి ఎంతోకాలం కాలేదు.

ఆ జవాబులు తవ్వి తీసినవాడు కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ. పీజీఏ టూర్ పోటీల్లో ప్రతి దెబ్బ ఎక్కణ్ణుంచి లేచి ఎక్కడ పడిందో కొలిచే ఏర్పాటు ఉంది, దాన్ని షాట్‌లింక్ అంటారు. ఆ రాశుల్లోంచి ఆయన ఫలానా దూరం నుంచి టూర్ ఆటగాడు బంతిని గుంటలో వేయడానికి సగటున ఎన్ని స్ట్రోకులు తీసుకుంటాడో లెక్కగట్టాడు. 2014లో పుస్తకంగానూ తెచ్చాడు. ఫెయిర్‌వే మీద వంద గజాల నుంచి సగటు 2.80. ఎనభై నుంచి 2.75. అరవై నుంచి 2.70, నలభై నుంచి 2.60, ఇరవై నుంచి 2.40.

మా క్లబ్బులో సగం మంది నమ్మకం ఈ వరుస చదవగానే కూలిపోతుంది. "నాకు వంద గజాలంటే చేతికి కుదిరిన దూరం, ఫుల్ స్వింగ్ వేయొచ్చు, అందుకే అక్కడికే లేఅప్ కొడతా" అనేవాళ్లు ప్రతి కోర్సులోనూ ఉంటారు. మధ్యలో అడ్డం లేకపోతే దగ్గరికి వెళ్లే కొద్దీ స్కోరు తగ్గుతుందనే అంకెలు చెబుతున్నాయి. అంతకన్నా నాకు నచ్చిన అంకె ఇంకొకటుంది. రఫ్‌లో, అంటే పొడుగు గడ్డిలో, నలభై గజాల నుంచి సగటు 2.78. చక్కటి ఫెయిర్‌వే మీద వంద గజాల నుంచి 2.80. రెండూ ఒక్కటే అనుకోవచ్చు. కాబట్టి నీళ్లు లేనిచోట కొంచెం వంకర పోయినా ముందుకు కొట్టడమే మేలు. ఇసుక బంకర్ అలా కాదు. అరవై గజాల బంకర్ నుంచి సగటు 3.15. అంత దూరపు బంకర్ దారిలో ఉంటే ఫెయిర్‌వే మీద వెనకే ఆగడం లాభం.

ఇప్పుడు చెరువును లెక్కలోకి తెద్దాం. టూర్ ఆటగాడు 240 గజాల దూరంలో ఉన్నాడు, గ్రీన్ ముందు నీళ్లు. వంద గజాలకు లేఅప్ కొడితే ఒక దెబ్బ అయిపోయింది, మిగిలినవి 2.80, మొత్తం 3.80. గ్రీన్‌కు కొట్టి నీళ్లు తప్పించుకుంటే బంతి గ్రీన్ మీదో, పక్క గడ్డిలోనో, దగ్గరి బంకర్లోనో ఉంటుంది. అన్నీ కలిపి 3.50 అనుకుందాం. నీళ్లలో పడితే కొట్టిన దెబ్బ ఒకటి, పెనాల్టీ ఒకటి, మళ్లీ వంద గజాల నుంచి 2.80, వెరసి 4.80. స్ట్రోకును రూపాయి అనుకుంటే, దాటితే లేఅప్ మీద ముప్ఫై పైసలు మిగులు, మునిగితే రూపాయి నష్టం. నాలుగుసార్లు కొట్టి మూడుసార్లు దాటితే తొంభై పైసలు వచ్చాయి, ఒకసారి మునిగితే రూపాయి పోయింది. పది పైసలు చేతి నుంచి పడ్డట్టే. ఐదుసార్లలో ఒక్కటే మునిగితే ఇరవై పైసలు మిగులుతాయి. ఆటగాడు తన చేతిని ఎంత నమ్ముతున్నాడో చెప్పాల్సింది ఇక్కడే. నాలుగింట మూడుసార్లు దాటిస్తానన్న నమ్మకం కూడా చాలదు, అంతకన్నా గట్టిగా ఉండాలి.

అలాగని ఇది పూర్తి లెక్క కాదు. సగటు మంచిదైనంత మాత్రాన ఆ రోజు అవసరానికి సరిపోవాలని లేదు. మూడు స్ట్రోకులు వెనక ఉండి నాలుగు హోల్స్ మిగిలినవాడికి సగటుతో పనేముంది? అతనికి కావలసింది ఈగిల్. పది పైసలు పోయే బేరమైనా సరే, పెద్ద లాభానికి ఆశ ఉన్న వైపే వెళ్లాలి. అందుకే బెక్ లేఅప్‌ను తప్పుపట్టినవాళ్లతో నేనూ ఏకీభవిస్తాను, వాళ్లు చెప్పిన కారణంతో కాదు. సారజెన్ చేసింది సరైనదని అనడానికి బంతి గుంటలో పడడం కారణం కానక్కర్లేదు. అతను వెనకబడి ఉన్నాడు, అంతే.

ముందున్నవాడి సంగతి దీనికి తలకిందులు. 2025లో రోరీ మెకిల్రాయ్ మాస్టర్స్ చివరి రోజు పెద్ద ఆధిక్యంతో పదమూడో హోల్‌కు వచ్చాడు. మనకు అప్పుడు సోమవారం, ఇంకా తెల్లారలేదు. అదీ పార్ ఫైవే, గ్రీన్ ముందు వాగు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే లేఅప్ కొట్టాడు. తొంభై గజాల లోపు వెడ్జ్ షాట్ మిగిలింది, ఎదురుగా గ్రీన్ ఎడమ భాగమంతా ఖాళీగా ఉంది. బంతి కుడికి పోయి వాగులో పడింది. డబుల్ బోగీ. మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నేనూ మా ఆయనా ఒకేసారి "అయ్యో" అన్నాం. రెండు హోల్స్ తర్వాత పదిహేనో హోల్ వచ్చింది. ఇప్పుడు ఆధిక్యం లేదు. చెట్లు అడ్డున్నాయి. రెండు వందల గజాలకు పైగా దూరం నుంచి సెవెన్ ఐరన్‌తో బంతిని కుడి నుంచి ఎడమకు వంపు తిప్పి, చెరువు దాటించి, జెండాకు కొన్ని అడుగుల దూరంలో దించాడు. ఈగిల్ పట్ తప్పినా బర్డీ దక్కింది. ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్ మీద గెలిచి, నాలుగు మేజర్ టోర్నమెంట్లూ గెలిచినవాళ్ల వరుసలో ఆరోవాడయ్యాడు. ఆ వరుసలో మొదటివాడు సారజెనే.

ఆ పదమూడో హోల్ లేఅప్ తప్పా? నేను తప్పనను. ఆధిక్యం ఉన్నవాడు చేయాల్సిందే చేశాడు. తప్పంతా తర్వాతి దెబ్బదే. లేఅప్ కొట్టగానే ప్రమాదం గడిచిపోయిందని ఊపిరి పీల్చుకోవడం మనందరికీ అలవాటు. నీళ్లు ఇంకా ఎదురుగానే ఉన్నాయి, వాటిని దాటాల్సిన పనిని ఒక దెబ్బ వాయిదా వేశామంతే. జాక్ జాన్సన్ పదహారుసార్లు వాయిదా వేసి పదకొండు మిగుల్చుకున్నాడంటే, అది అతని వెడ్జ్ గొప్పతనం.

మన తెలుగువాళ్ల అబ్బాయి సాహిత్ తీగల ఇలాంటిదే ఓ దెబ్బ తిన్నాడు. తల్లిదండ్రులు ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు, అతను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. 2022లో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు అగ్రస్థానం అందుకుని పదిహేడో హోల్‌కు వచ్చాడు. అది పొడవైనది కాదు, టీ నుంచే గ్రీన్ అందే చిన్న పార్ ఫోర్, కానీ ప్రశ్న ఒకటే. గ్రీన్ కేసే కొట్టాడు. బంతి గ్రీన్ ముందు పడి, ఎడమకు ఎగిరి, నీళ్లలోకి పోయింది. ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ తప్పిపోయింది. ఆట అయ్యాక అమ్మానాన్నలను పట్టుకుని ఏడ్చాడు. ఆ బంతి రెండడుగులు కుడికి పడి ఉంటే ఇదే షాట్‌ను అందరూ పొగిడేవాళ్లు. 2023లో కాలిఫోర్నియాలోనే ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి తొలి టూర్ టైటిల్ అందుకున్నాడు.

టూర్ ఆటగాళ్ల అంకెలు మనకు నేరుగా అతకవు. హైదరాబాద్‌లో నయాఖిలా దగ్గర ఆడినా, బౌల్డర్ హిల్స్‌లో ఆడినా, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలికి ఆడినా, మాలాంటివాళ్లం రెండో దెబ్బకు పార్ ఫైవ్ గ్రీన్ చేరేది కలలోనే. నా డ్రైవర్ బాగా తగిలిన రోజున ఓ 160 గజాలు. లేడీస్ టీ నుంచి ఆడినా ఇంకా 250 మిగులుతాయి. ముందు 130 గజాల దగ్గర నాలా. నా ప్రశ్న గ్రీన్ గురించి కాదు, నాలా గురించి. త్రీవుడ్‌తో దాటితే మూడో దెబ్బకు వంద గజాలు. హైబ్రిడ్‌తో ఆపుకుంటే 135. ఆ ముప్ఫై అయిదు గజాల కోసం నాలాతో పందెం కాయాలా?

ఇక్కడ నా క్యాడీ ఒక మాట చెప్పి నా కళ్లు తెరిపించాడు. "మేడమ్, మీ త్రీవుడ్ నూటయాభై అంటరు గద, గది దొర్లిన దూరం గూడ కలిపి. నాలాకు దొర్లుడు అక్కెరకు రాదు. గాల్లె ఎంత పోతదో గదే చెప్పుండ్రి." ప్రాక్టీస్ రేంజ్‌లో బంతులు కొడుతూ కొలుచుకున్నాను. గాల్లో పోయేది 140 దాటదు, అదీ బాగా తగిలినప్పుడు. నాలా అవతలి గట్టు 145. బ్యాంకులో అయితే ఆ ఫైలు అక్కడే మూసేసేదాన్ని. అతనే ఇంకోటి కూడా చెప్పాడు. "ఎండకాలంల నేల గట్టిగుంటది. హైబ్రిడ్ గూడ దొర్లుకుంట నాలాల పడ్తది. ఏడో నంబర్ తీయుండ్రి." ఆగడానికే కొడుతున్నప్పుడు నాలాను ఎట్టి పరిస్థితిలోనూ అందుకోలేని క్లబ్ తీయాలి. అందీ అందని క్లబ్‌తో లేఅప్ కొట్టడమంత పనికిమాలిన షాట్ గోల్ఫ్‌లో లేదు. దూరమూ రాదు, క్షేమమూ ఉండదు.

గుంజల రంగు కూడా చూడాలి. ఎర్ర గుంజలుంటే పెనాల్టీ ఒక్క స్ట్రోకు, బంతి నాలా అంచును దాటిన చోటికి దగ్గర్లోనే డ్రాప్ చేసుకోవచ్చు. తెల్ల గుంజలు హద్దుకు గుర్తు. అవి దాటితే స్ట్రోకూ పోయింది, దూరమూ పోయింది, మళ్లీ మొదటి చోటి నుంచే కొట్టాలి. కల్నల్ గారు తెల్ల గుంజల పక్కన కూడా త్రీవుడ్డే తీస్తారు. ఆయనతో వాదించడం మానేశాను.

అయితే ఆయన గెలిచే ఆదివారాలు ఉన్నాయి, దానికి కారణం పోటీ పద్ధతి. స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే స్ట్రోకుల రాయితీ, తీసేశాక పార్‌కు రెండు పాయింట్లు, బర్డీకి మూడు, బోగీకి ఒకటి. డబుల్ బోగీకి సున్నా. పదమూడు కొట్టినా సున్నాయే, అంతకన్నా కిందికి పోదు. నష్టానికి హద్దు ఉన్నచోట సాహసం చవక. మెడల్ ప్లేలో ప్రతి స్ట్రోకూ కార్డు మీద పడుతుంది, హద్దు ఉండదు. అందుకే ఈ ఆదివారం ఏ పోటీ అని ముందు నోటీసు బోర్డు చూస్తాను. స్టేబుల్‌ఫోర్డ్ అయి, అప్పటికి నా కార్డులో పాయింట్లు తక్కువపడితే, క్యాడీ మొహం చూడకుండా త్రీవుడ్ అడుగుతాను. మెడల్ అయితే ఏడో నంబరు ఐరనే. కల్నల్ గారు ఏమన్నా అనుకోనీ.